ఓల్డ్ రాస్‌పుటిన్ తాగితే మాడు రుచి తప్ప ఏమీ తగల్లేదు. తప్పు నాదేనా?

మరమరాలబట్టీ (ఫ్రీమాంట్, కాలిఫోర్నియా):

పోయిన నెల లాంగ్ వీకెండ్‌కి ఇంటిల్లిపాదీ ఫోర్ట్ బ్రాగ్ వెళ్లాం. విల్లిట్స్ దగ్గర 101 దిగి హైవే 20 ఎక్కితే సముద్రం దాకా అన్నీ మెలికలే. మా చిన్నది రెండుసార్లు వాంతి చేసుకుంది. ఆ ఊళ్లో నార్త్ కోస్ట్ బ్రూయింగ్ అని 1988లో పెట్టిన బీరు కంపెనీ ఉంది. వాళ్ల ఓల్డ్ రాస్‌పుటిన్ అనే నల్ల బీరు గురించి మా ఆఫీసులో ఒకాయన ఏడాదిగా ఊదరగొడుతున్నాడు. ఎలాగూ వచ్చాం కదా అని తిరిగొచ్చేముందు నాలుగు సీసాల ప్యాక్ ఒకటి కొన్నాను. సీసా మీద గడ్డం, గుచ్చి చూసే కళ్లతో రాస్‌పుటిన్ అనే పాతకాలపు రష్యా సాధువు బొమ్మ, చుట్టూ రష్యన్ అక్షరాలు. 9 శాతం ఆల్కహాలు.

ఇంటికొచ్చాక శుక్రవారం రాత్రి ఒక సీసా నలభై నిమిషాలు ఫ్రీజర్లో పెట్టాను. మా ఆవిడ మిరపకాయ బజ్జీలు వేసింది. బజ్జీ కొరికి, సీసా ఎత్తి ఒక గుక్క తాగాను. మాడు! అడుగంటిన గిన్నెలో నీళ్లు పోసి మరిగించి ఇచ్చినట్టుంది. రెండో గుక్కకి నోరు మండింది, మూడో గుక్కకి నాలుక ఎండిపోయింది. సగం సింకులో పోశాను.

మా ఆఫీసాయనేమో "డార్క్ చాక్లెట్, ఎస్‌ప్రెస్సో, ఎండుద్రాక్ష, టాఫీ" అని వేళ్లు మడిచి లెక్క చెబుతాడు. నాకు ఒక్కటీ తగల్లేదు.

మాడు అంటే ఏమిటో తెలియనివాణ్ని కాదు. తెనాలిలో మా నాన్నకి మరమరాల బట్టీ ఉండేది. పెద్ద ఇనప మూకుడులో ఇసుక కాగుతుంటే గింజలు పోసి, తిప్పి, జల్లెడలో ఎత్తేవాడు. చేయి ఒక్క క్షణం ఆలస్యమైతే ఆ వాయి మొత్తం పోయినట్టే. మాడిన గింజలు గోనెసంచిలో పడేసి ఊరవతల పారబోసేవాళ్లం. మేం పారబోసినదాన్ని ఇక్కడ డబ్బులిచ్చి కొనుక్కుంటున్నానా అని ఆ రాత్రి చాలాసేపు అనిపించింది.

నా సందేహాలు ఇవి. దీని రుచి ఇలాగే ఉంటుందా? ఆ చాక్లెట్, ఎండుద్రాక్ష నిజంగా అందులో ఉన్నాయా, లేక జనం ఎక్కడో చదివి చెబుతారా? ఇంకా మూడు సీసాలున్నాయి. ఏం చేయమంటారు?

కల్లుకుండ (నల్గొండ):

అన్నా, ఆ గడ్డపాయన కళ్లు చూస్తేనే తాగబుద్ధి కాదు. మూడు సీసాలూ మీ ఆఫీసాయనకే ఇచ్చేయ్, ఏడాది పాటు నోరు మూసుకుంటడు.

ఒక్కటి మాత్రం చెప్తా. మా తాటికల్లు పొద్దున తియ్యగ ఉంటది, ఎండెక్కేసరికి పులుస్తది, సాయంత్రానికి పుల్లటి ఘాటు. అదే కుండ. ఎప్పుడు తాగినవో చెప్పకుండ రుచి బాగలేదంటే ఎట్ల? ఇది కూడ అట్లాంటిదేమో. నాకైతే తెల్వదు, తెలిసినోళ్లు వస్తరు చూడు.

థేమ్స్‌ఒడ్డు (లండన్):

కల్లుకుండ గారు నవ్వుతూనే అసలు సంగతి పట్టుకున్నారు. నేను పన్నెండేళ్లుగా ఇంట్లో బీరు కాచుకుంటున్నాను, అందులో సగం స్టౌట్లే, అంటే మీ ఓల్డ్ రాస్‌పుటిన్ లాంటి నల్ల బీర్లు. మీ సీసాలో లోపం లేదు. మీరు దానికి మూడు అన్యాయాలు చేశారు: ఫ్రీజరు, సీసా మూతి, మిరపకాయ బజ్జీ.

ముందు చలి సంగతి. బాగా చల్లగా ఉన్నదాన్లో తీపి నాలుకకి సరిగా తెలియదు, వాసన పైకి లేవదు. చేదూ గ్యాస్ మంటా మాత్రం మిగిలిపోతాయి. మామూలుగా దొరికే లాగర్ బీరుకి అది సరిపోతుంది, దాన్ని చల్లదనం కోసమే తాగుతాం కదా. స్టౌట్ ఏల్ జాతిది. కాస్త వెచ్చటి వాతావరణంలో పులిసే ఈస్టుతో చేస్తారు. ఆ ఈస్టు పండ్ల వాసనలు కొన్ని వదులుతుంది. మీ ఆఫీసాయన చెప్పే ఎండుద్రాక్ష చాలావరకు అక్కడినుంచి, కాస్త ముదురు మాల్టు (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ) నుంచి వస్తుంది. 10 నుంచి 13 డిగ్రీల సెల్సియస్ దగ్గర తాగితే ఇవి తెలుస్తాయి. అంటే మామూలు ఫ్రిజ్‌లోంచి తీసి అరగంటైనా బయట పెట్టాలి. సీసా మూతికి నోరు పెడితే ముక్కుకి పని ఉండదు కాబట్టి గ్లాసులో పోయాలి. ఇక మిరపకాయ సంగతి. ఆల్కహాలు కారాన్ని ఎగదోస్తుంది. 9 శాతం బీరు పోసి బజ్జీ మంట ఆర్పాలనుకోవడం పొయ్యిలో కిరసనాయిలు పోయడమే.

ఇప్పుడు మీరన్న మాడు సంగతి. ఇది చదివితే మీ నాన్నగారి వృత్తివాళ్లే ఈ బీరుకి తాతలని మీకు తెలుస్తుంది. పద్దెనిమిదో శతాబ్దంలో లండన్ కూలీలు తాగే ముదురు రంగు బీరు పేరు పోర్టర్. దాన్లో చిక్కటి, ఘాటైన రకాన్ని స్టౌట్ పోర్టర్ అనేవారు. స్టౌట్ అంటే అప్పట్లో ఘాటైనది అని మాత్రమే, నల్లనిది అని కాదు. రంగు కోసం ముదురు గోధుమరంగు మాల్టు వాడేవారు. ద్రవంలో చక్కెర ఎంతుందో కొలిచే హైడ్రోమీటర్ చేతికొచ్చాక తేలిందేమిటంటే, ఆ ముదురు మాల్టు నుంచి చక్కెర తక్కువ దిగుతుంది, లేత మాల్టు నుంచి ఎక్కువ దిగుతుంది. డబ్బు ఆదా చేద్దామని లేత మాల్టుకి మళ్లారు. మరి రంగు ఎలా? 1817లో డేనియల్ వీలర్ అనే ఆయన మాల్టుని తిరిగే ఇనప డ్రమ్ములో 200 డిగ్రీలు దాటించి నల్లగా వేయించే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. కాఫీ గింజలు వేయించినట్టే. సరిగ్గా సమయానికి డ్రమ్ములోకి నీళ్లు చిమ్మి ఆపాలి, లేకపోతే బొగ్గే. మీ నాన్నగారు జల్లెడ ఎత్తినట్టు.

ఈ నల్లమాల్టు వంద కిలోల్లో ఐదు నుంచి పది కిలోలు పడితే చాలు, కుండంతా నల్లబడుతుంది. మిగతాదాంట్లో చాలావరకు లేత మాల్టే. ఆల్కహాలు ముఖ్యంగా దాన్నుంచే వస్తుంది. కాబట్టి నలుపుకీ ఘాటుకీ సంబంధం లేదు. గిన్నెస్ డ్రాఫ్ట్ చూడండి, అంత నల్లగా ఉంటుంది, ఆల్కహాలు 4.2 శాతమే. మన దేశంలో పసుప్పచ్చగా మెరిసే స్ట్రాంగ్ బీర్లు దానికి దాదాపు రెట్టింపు.

చరిత్ర ఇంకొంచెం చెప్పి ఆపుతాను, ఆదివారాలు ఆ వీధిలోనే నడుస్తుంటాను కాబట్టి ఊరుకోలేను. థేమ్స్‌కి దక్షిణాన సదర్క్‌లో థ్రేల్ అనే ఆయనకి యాంకర్ బ్రూవరీ ఉండేది. రష్యా రాణి కేథరీన్ ఆస్థానానికి ఘాటైన పోర్టర్ అక్కడినుంచే వెళ్లింది. 1796లో జోసెఫ్ ఫారింగ్‌టన్ అనే చిత్రకారుడు ఆ పోర్టర్ తాగి, ఇది రష్యా రాణి కోసం చేసిందట, ఏడేళ్లు నిలవ ఉంటుందట అని డైరీలో రాసుకున్నాడు. మీ సీసాలాంటి ఘాటైన స్టౌట్‌కి ఇంపీరియల్ స్టౌట్ అన్న పేరు ఆ రష్యా సంబంధం వల్లే. థ్రేల్ 1781లో పోయాక బ్రూవరీని 1,35,000 పౌండ్లకు అమ్మారు. ఆ అమ్మకం చూసుకున్న వీలునామా బాధ్యుల్లో ఒకరు నిఘంటువు రాసిన శామ్యూల్ జాన్సన్. బాల్టిక్ చలిలో గడ్డకట్టకూడదని అంత ఘాటుగా చేశారని ఒక కథ చెబుతుంటారు. నేను నమ్మను. లండన్‌వాళ్లు కూడా ఘాటైన పోర్టర్లు ఇష్టంగానే తాగేవారు, వాళ్లకి ఏ సముద్రం గడ్డకట్టింది?

మీ సీసా మీద రష్యన్ మాటలకి అర్థం, నిజమైన స్నేహితుడు ఒక్కసారిగా పుట్టడు అని. ఫ్రీజరు ముందు నిలబడి చదువుకోండి.

మరమరాలబట్టీ:

థేమ్స్ గారూ, వేయించే డ్రమ్ములోకి నీళ్లు చిమ్మి ఆపుతారన్న దగ్గర ఆగిపోయాను. మా నాన్న ఉండుంటే ఈ ఒక్క విషయం మీద గంట మాట్లాడేవాడు. "నీళ్లు కొడితే గింజ మెత్తబడదా?" అన్నది ఆయన మొదటి ప్రశ్న అయ్యుండేది.

ఒక చిన్న సందేహం. చాక్లెట్ మాల్టు అని ఎక్కడో చదివాను. అందులో చాక్లెట్ కలుపుతారా? కాఫీ రుచి అంటే కాఫీ పోస్తారా?

థేమ్స్‌ఒడ్డు:

చాక్లెట్ మాల్టులో చాక్లెట్ ఉండదు. నల్లమాల్టు కన్నా ఒక మెట్టు ముందు దించేస్తారు, రంగు చాక్లెట్‌లా ఉంటుంది, అంతే. కొందరు నిజంగానే కాఫీ, చాక్లెట్ వేస్తారు. మిషిగన్‌లో ఫౌండర్స్ వాళ్ల బ్రేక్‌ఫాస్ట్ స్టౌట్ అలాంటిదే, ఓట్లు కూడా పడతాయి. ఇక నీళ్ల సంగతి మీ నాన్నగారు సరైన చోటే పట్టుకున్నారు. ఆ వేడికి నీళ్లు ఆవిరై వేడిని లాక్కుపోతాయి, గింజ నానే లోపే పని అయిపోతుంది.

అన్నట్టు, ఇవన్నీ చలిదేశాల వ్యవహారం అనుకోకండి. శ్రీలంకలో లయన్ స్టౌట్ ఉంది, 8.8 శాతం. బీరు మీద పుస్తకాలు రాసిన మైఖేల్ జాక్సన్ (పాటల జాక్సన్ కాదు!) దాన్ని బాగా మెచ్చుకున్నాడు. కొబ్బరిచెట్ల కింద కూడా ఇది బతుకుతుంది.

కప్పింగ్‌టేబుల్ (విశాఖపట్నం):

నాకు బీరు సంగతులు తెలియవు. అరకు కాఫీ రుచి చూసి మార్కులు వేయడం నా ఉద్యోగం, రోజుకి ముప్పై నలభై కప్పులు చప్పరించి ఉమ్మేస్తుంటాను. అయినా ప్రశ్న మాత్రం నా టేబుల్ మీదికి రోజూ వచ్చేదే: "మేడమ్, ఇందులో నారింజ ఎక్కడుందండీ?"

మరమరాల గారూ, ఆ రుచులు అబద్ధం కాదు, అలాగని లోపల ద్రాక్షలు తేలుతున్నాయనీ కాదు. ఒక పని చేయండి. చిన్న బెల్లంముక్క మీద చిటికెడు కాఫీపొడి అద్ది, ముక్కు గట్టిగా మూసుకుని నోట్లో వేసుకోండి. తీపి, చేదు, అంతే తెలుస్తాయి. ఇప్పుడు ముక్కు వదలండి. కాఫీ ఒక్కసారిగా వచ్చి పడుతుంది. మనం రుచి అనుకునేదాంట్లో ఎక్కువ భాగం గొంతు వెనకనుంచి ముక్కుకెళ్లే వాసనే. కాబట్టి గుక్క మింగాక నోరు మూసి ముక్కుతో గాలి వదలండి. మీరు వెతికేవి అక్కడుంటాయి.

బార్లీలో కాఫీ వాసన ఎందుకంటే, గింజ వేరైనా వేయించడం ఒకటే. గింజలోని చక్కెరలూ ప్రోటీన్లూ వేడికి కలిసి కొత్త వాసనలు పుట్టిస్తాయి, దాన్ని మెయిలార్డ్ చర్య అంటారు. కందిపొడికి పప్పు వేయిస్తున్నప్పుడు, రొట్టె కాలుతున్నప్పుడు, కాఫీ గింజ చిటపటమన్నప్పుడు జరిగేది అదే. అందుకే వీధి చివరనుంచి వాసన పట్టి ఏ ఇంట్లో కందిపొడి చేస్తున్నారో చెప్పగలం.

ఇంకో మాట. అరువు మాటలతో రుచి వెతక్కండి. మా దగ్గర కొత్తగా చేరే పిల్లలు బ్లూబెర్రీ అని రాస్తారు, జన్మలో బ్లూబెర్రీ తిని ఉండరు. నేరేడుపండు అనమంటే కళ్లు వెలుగుతాయి. మీరు "నాలుక ఎండిపోయింది" అన్నారు చూడండి, అది చేదు కాదు, వగరు. పచ్చి అరటికాయ, కరక్కాయ తరహా. చేదులో మళ్లీ కాకరకాయ చేదు వేరు, మెంతుల చేదు వేరు, మాడు చేదు వేరు. ఇన్ని మాటలున్నవాళ్లం మనం. మీ ఆఫీసాయన జాబితా పక్కన పెట్టి మీ వంటింటి జాబితా తీయండి.

మాకు కాఫీ చల్లారుతున్నకొద్దీ రుచులు బయటపడతాయి. మీకు వెచ్చబడుతున్నకొద్దీ అన్నమాట. తమాషాగా ఉంది.

ఫార్మసీఅక్క (న్యూజెర్సీ):

అందరూ రుచి గురించే మాట్లాడుతున్నారు, లెక్క నేను చెబుతా తమ్ముడూ. ఆ సీసా 355 మి.లీ. అందులో 9 శాతమంటే దాదాపు 32 మి.లీ. అసలు ఆల్కహాలు, అంటే 80 మి.లీ. విస్కీతో సమానం. అమెరికాలో ఒక డ్రింకు అని లెక్కపెట్టేది సుమారు 17.7 మి.లీ. కాబట్టి నువ్వు ఒక బీరు అనుకున్నది నిజానికి 1.8 డ్రింకులు. చిక్కగా ఉంటుంది కాబట్టి నెమ్మదిగా దిగుతుంది, ఎక్కేది మాత్రం ఎక్కుతుంది. అది తాగి కారు తాళాలు ముట్టుకోకు. నిద్రమాత్రలు, అలర్జీ మాత్రలు వేసుకునే రోజైతే అసలు వద్దు. ఇక చప్పరించుకో.

మరమరాలబట్టీ:

అక్కా, తాళాలు మా ఆవిడ దగ్గరున్నాయి. నిన్న రాత్రి మళ్లీ ప్రయత్నించాను. వివరంగా రాస్తున్నా, కప్పింగ్ మేడమ్ మార్కులు వేయాలి.

సీసా ఫ్రిజ్‌లోంచి ఎనిమిదింటికి తీశాను. రొట్టె చేసేటప్పుడు వాడే థర్మామీటర్ ఒకటుంది ఇంట్లో. మొదట కొంచెం పోసి ముంచితే 5 డిగ్రీలు. వైన్ గ్లాసులో పోశాను, వేరేవి లేవు. నురగ తెల్లగా లేదు, ఫిల్టర్‌లోంచి దిగిన చిక్కటి డికాక్షన్‌లో వేడి పాలు పోసినప్పుడు పైకొచ్చే రంగు. దీపానికి ఎత్తి పట్టుకుంటే నలుపు కాదు! అంచున ఎర్రగా, నేరేడుపండు పిండినట్టుంది. ఈ సంగతి ఎవరూ చెప్పలేదేం?

5 డిగ్రీల దగ్గర పోయినసారి రుచే. మాడు, వగరు. నాలుక తప్పు లేదని ధైర్యం వచ్చింది.

ఎనిమిదిన్నరకి 10 డిగ్రీలు. మేడమ్ చెప్పినట్టు మింగి, నోరు మూసి, ముక్కుతో గాలి వదిలాను. ముందు తాటిబెల్లం వచ్చింది. చెరుకు బెల్లం కాదు, తాటిబెల్లమే, ఆ కొంచెం పొగవాసనతో సహా. దాని వెనక ముదురు చింతపండు, ఏడాది నిలవుండి నల్లబడింది. ఖర్జూరం ఉందేమో అనిపించింది, ఒట్టేసి చెప్పలేను. ఎండుద్రాక్ష మాత్రం లేదు. ఆఫీసాయనకి సోమవారం మెయిల్ పెడతా.

మాడు పోలేదు. అది మారిందని చెప్పాలి. మొదటిసారి అది నోరంతా ఆక్రమించి కూర్చుంది, ఈసారి వెనక వరసలో నిలబడింది. అప్పుడు గుర్తొచ్చింది. బట్టీ కట్టేసే వేళ మూకుడు అడుగున కొన్ని గింజలు మిగిలేవి, మాడనివి, కానీ అమ్మడానికి పనికిరానంత ఎర్రబడినవి. నాన్న వాటిని దోసిట్లోకి తీసి, ఊది ఇసుక ఎగరగొట్టి, తాటిబెల్లం ముక్క పెట్టి మా ఇద్దరన్నదమ్ములకీ చెరిసగం ఇచ్చేవాడు. మాడినవి పారబోసిన సంగతి మాత్రమే ఇన్నాళ్లూ గుర్తుంది నాకు. ఇవి తిన్న సంగతి మర్చిపోయాను. పళ్ల మధ్య ఒకటో రెండో ఇసుకరేణువులు కూడా తగిలేవి.

తర్వాత మా ఆవిడ నువ్వుల చిమ్మిలి పెట్టింది, పొద్దున చేసినది. ఆ బీరుకీ దానికీ ఎక్కడో చుట్టరికం ఉంది. ఒక కొరుకు, ఒక గుక్క. బజ్జీలు ఇంకెప్పుడూ దీని పక్కకి రావు.

నచ్చనిదీ రాస్తాను. తొమ్మిదిన్నరకి గ్లాసు అడుగున మిగిలింది 17 డిగ్రీలకి వచ్చేసింది. అప్పుడు ఆల్కహాలు గొంతులో గీసుకుంటూ దిగింది, తీపి జిగటగా అనిపించింది. మా ఆవిడ ఒక చుక్క నాలుక మీద వేసుకుని "దగ్గుమందు" అని తేల్చేసింది. ఒక సీసా ఇద్దరు పంచుకుంటే సరిపోతుంది, ఒక్కడికి ఎక్కువే. వారానికోసారి తాగేదాన్ని కూడా కాదు ఇది నాకు, చలికాలంలో నెలకొకటి చాలు.

రెండు సీసాలున్నాయి. ఒకటి సంక్రాంతికి మా తమ్ముడు డాలస్ నుంచి వస్తున్నాడు, వాడికి ఏమీ చెప్పకుండా పోస్తాను. తాటిబెల్లం అంటాడో లేదో చూడాలి. ఇంకోటి ఫారింగ్‌టన్ గారి ఏడేళ్ల మాట విని, తేదీ రాసిన కాగితం అంటించి అల్మారాలో చీకట్లో నిలబెట్టాను. థేమ్స్ గారూ, ఏడేళ్లు నావల్ల కాదు, రెండేళ్లు చాలా?

అన్నట్టు మధ్యలో తెనాలి నుంచి అమ్మ వీడియో కాల్ చేసింది. గ్లాసు దాచేలోపే చూసేసింది.

"ఏంట్రా అది నల్లగా, కషాయమా?"

"బార్లీ నీళ్లమ్మా," అన్నాను. అబద్ధం కాదుగా.

"వేడి చేసిందా? ముందే చెప్పొద్దూ! కాసిని సబ్జాగింజలు కూడా నానేసి కలుపుకో."

థేమ్స్‌ఒడ్డు:

రెండేళ్లు చాలు. సబ్జాగింజల సంగతి అమ్మగారిని అడిగి కొలత చెప్పండి, వచ్చే వాయిలో వేసి చూస్తాను.